నాలుగు వేల నూట పన్నెండు గంటలు

జానకిరామ్ ట్రాక్టరు ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు అద్దం మీది దుమ్ము బొటనవేలితో తుడిచి, కళ్లజోడు పైకి జరుపుకుని అంకెలు చదివాడు. చదివి పెదవి విరిచాడు.

“నాలుగు వేల నూట పన్నెండు,” అన్నాడు గోపాలరావు వైపు తిరిగి. “ఏటి బాబూ ఇది? మినీ ట్రాక్టరు ఇన్ని గంటలు తిరిగితే ఇంకేటుంటాది అందులో?”

గోపాలరావు కల్లంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొబ్బరీ జీడీ కలిపి ముప్పై రెండెకరాల ఆసామి. కొత్త ట్రాక్టరుకి టెక్కలిలో అప్పుడే డబ్బు కట్టేశాడు. పాతదాన్ని వదిలించుకుందామని, కాశీబుగ్గలో సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ల వ్యాపారం చేసే జానకిరామ్‌ని పిలిపించాడు. ఆ పాత ట్రాక్టరు పక్కన, చేతిలో నూనెగుడ్డతో పోలారావు నిలబడి ఉన్నాడు. ఏడేళ్ల నుంచి దాన్ని నడుపుతున్నది అతనే. యాభై దాటిన మనిషి. నల్లగా, సన్నగా, ఎండకి ఎండిన కొబ్బరిమట్టలా ఉంటాడు.

ముందురోజు సాయంత్రం కూడా పోలారావు బండిని కడిగాడు. అమ్ముతున్నారని కాదు, పని ఉన్న ప్రతిరోజూ కడుగుతాడు. సముద్రం అక్కడికి మూడు కిలోమీటర్లు. ఆ గాలిలోని ఉప్పు ఇనుమును ఊరికే ఉండనివ్వదు. అందుకే పని దిగాక బోరు నీళ్లతో కడిగి, అడుగుభాగమంతా డీజిలు గుడ్డతో తుడిచి, గ్రీజు పెట్టాకే ఇంటికి వెళ్లేవాడు. ఏడేళ్లలో ఆ పని తప్పిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

జానకిరామ్ ముందు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు. వంగి అడుగుకి చూశాడు. తుప్పు కనిపించలేదు. ఆ రెండింటి గురించీ ఏమీ అనకుండా మళ్లీ మీటరు దగ్గరికే వచ్చాడు.

“కొత్త బండి షోరూము గేటు దాటితే సాలు బాబూ, ఐదో వంతు ఇలువ ఎగిరిపోద్ది. తరవాత ఏడాదికింతని తరుగుతానే ఉంటాది. డిప్రిసియేషనంటారు కదా, దాన్నెవడూ ఆపలేడు. ఇంక మిగిలిందేటైనా ఉంటే అది ఈ మీటరు మీదే. కొనీవోడు ముందు బండి సూడ్డు, మీటరు సూత్తాడు. రెండు వేల లోపుంటే రెండున్నర లక్షలు ఇప్పుడే మీ సేతిలో పెడుదును. ఇది నాలుగు దాటీసింది. లక్షా నలభై.”

“లక్షా నలభయ్యా? ఆరు లక్షలు పోసి కొన్నానయ్యా దీన్ని.”

“కొన్నప్పటి ధర కొన్నప్పుడే పోయింది బాబూ.”

గోపాలరావు మొహం ఎర్రబడింది. బేరగాడి మీద చూపించలేని కోపం డ్రైవరు వైపు తిరిగింది.

“ఏరా పోలారావూ, ఇన్ని గంటలెలా తిప్పేశావురా?”

పోలారావు చేతిలోని గుడ్డ మడత మార్చాడు. “పనున్న గంటలే తిప్పినాను బాబూ.”

“పని అందరికీ ఉంటుంది. పక్క ఊళ్లో రామూర్తిదీ ఇదే బండి, ఇదే ఏడాది కొన్నాడు. దానికి రెండు వేలు కూడా దాటలేదంట.”

రామూర్తి బండి రెండేళ్లుగా గేరుబాక్సు పోయి షెడ్డులో పడి ఉంది. ఆ ఊరివాళ్లు కూడా తోటలు దున్నడానికి ఈ బండినే పిలిచేవాళ్లు. పెద్ద ట్రాక్టరు కొబ్బరి వరసల మధ్య పట్టదు, పట్టినా వేళ్లు తెంపేస్తుంది. బండి వెనక తగిలించి మట్టి తిరగేసే నాలుగడుగుల రొటావేటరుతో చెట్టుకి దెబ్బ తగలకుండా దున్నేది పోలారావు ఒక్కడే. గంటకి ఎనిమిది వందల చొప్పున ఆ అద్దె అంతా గోపాలరావు జేబులోకే వెళ్లింది. ఇదంతా పోలారావు నాలుక చివరిదాకా వచ్చింది. పరాయి మనిషి ఎదురుగా యజమానికి జవాబు చెప్పడం మాత్రం అతనికి చేతకాలేదు.

“మీ డ్రైవరు బండిని పిండీసినాడు బాబూ,” అని నవ్వాడు జానకిరామ్. “ఇంకా కదుల్తంది, అదే మీ అదృష్టం.”

బేరం లక్షా నలభై ఐదు దగ్గర తెగింది. జానకిరామ్ బయానా లెక్కపెట్టి ఇస్తుంటే గోపాలరావు తల ఎత్తకుండానే అన్నాడు:

“కొత్త బండి అవినాష్ నడుపుతాడులే. నువ్వు కొబ్బరి పాదులు చూసుకో. మళ్లీ ఏడేళ్లకి ఇలాంటి మాట పడలేను నేను.”

అవినాష్ గోపాలరావు మేనల్లుడు. పోలారావు తల ఊపాడు.

బండిని కాశీబుగ్గ దాకా తోలుకెళ్లి అప్పగించే పని కూడా అతని మీదే పడింది. జానకిరామ్ మోటారు సైకిలు మీద ముందు పోతుంటే పోలారావు వెనకాల వెళ్లాడు. వజ్రపుకొత్తూరు రోడ్డు మీద ఎదురైన ఆటోవాళ్లు ఇద్దరు ముగ్గురు చెయ్యి ఎత్తి పలకరించారు. ఇంజను ఎప్పటిలాగే మోగుతోంది. తేడా ఏదైనా ఉందేమోనని దారంతా చెవి పెట్టి విన్నాడు. లేదు. యార్డులో మిగతా బండ్ల పక్కన నిలబెట్టి, ఇంజను ఆపి, తాళం తీసి ఇచ్చాడు. జానకిరామ్ దాన్ని సొరుగులో ఇంకో పది తాళాల మీద పడేశాడు.

సాయంత్రం పోలారావు భార్య కన్నమ్మ పలాస జీడి ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి మొగుడు గుమ్మంలో ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నాడు. అలా కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. జీడిపిక్కల నూనెకి నల్లబడిన వేళ్లను బూడిదతో రుద్దుకుంటూ మొత్తం విన్నది.

“పిండీసినావన్నాడా?”

“అన్నాడు.”

“ఆ బాబు ఊరుకున్నాడా?”

“ఊరుకోడమేటి, ఆయనా అదే మాటన్నాడు.”

కన్నమ్మ చేతులు కడుక్కుని పైట కొంగుతో తుడుచుకుంది. “నాను రోజుకి పదిహేను కేజీల పిక్కలు కొడతాను. ఎక్కువ కొడితే మా మేస్త్రీ మెచ్చుకుంటాడు. ఏల ఇన్ని కొట్టినావని ఎప్పుడూ అడగనేదు. నువ్వెక్కువ పని సేసినందుకు మాట పడొచ్చినావా?”

పోలారావు లేచి, మూలనున్న పార తీసి అంచు చూసుకున్నాడు.

*

కొత్త బండి రెండో రోజు వచ్చింది. బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అవినాష్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఎక్కి, ఫోనులో పాట పెట్టుకుని కల్లం చుట్టూ మూడు తిప్పులు తిప్పాడు. పోలారావు పార భుజాన వేసుకుని తోటలోకి వెళ్లి కొబ్బరి పాదులు తవ్వడం మొదలుపెట్టాడు. ఆ పని అతనికి కొత్త కాదు, చిన్నప్పటి నుంచీ చేసిందే. కానీ ప్రతి చెట్టు దగ్గరా వరస చివర్న బండి ఎక్కడ తిప్పాలో కాళ్లు తమంతట తామే లెక్కకడుతున్నాయి.

అవినాష్ మధ్యాహ్నం దున్నడానికి వచ్చాడు. క్లచ్ మీద నుంచి కాలు తియ్యడంలేదు; అలా నడిపితే ప్లేట్లు కాలిపోతాయి. పోలారావు రెండు చెట్ల దూరంలోంచి ఆ మోత విన్నాడు. పార ఆపి ఒకసారి తల ఎత్తాడు. తనని అడిగినవాళ్లు లేరు. మళ్లీ పార వేశాడు.

నాలుగో రోజు జానకిరామ్ గోపాలరావుకి ఫోను చేశాడు. వరి మడుల్లో దమ్ము పట్టేటప్పుడు చక్రాలకి బిగించే ఇనప కేజీ వీల్సు రెండూ బేరంలోవేనని, అవి ఇంకా చేరలేదని. గోపాలరావు పోలారావుని పిలిచి పంపించాడు. పోలారావు వాటిని ఆటో మీద కట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని కాశీబుగ్గ వెళ్లాడు.

యార్డులో దిగి చూస్తే తన బండి కనిపించలేదు. నిన్ననో మొన్ననో అమ్ముడైపోయి ఉంటుందనుకున్నాడు. కేజీ వీల్సు ఎక్కడ దించాలో అడుగుదామని షెడ్డు వైపు నడుస్తుంటే, నీడలో కొత్త పెళ్లికొడుకులా ఎర్రగా మెరుస్తున్న ఒక చిన్న ట్రాక్టరు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. వెనక ఎడమ మడ్‌గార్డు అంచు కొంచెం లోపలికి వంగి ఉంది. తను తోలుతుండగా కంచె రాయి తగిలి వంగింది అది. దాని మీద కూడా రంగు వేశారు. కొత్త సీటు, పెడల్ రబ్బర్లు కొత్తవి, స్టీరింగుకి ఎర్ర తొడుగు.

దగ్గరికి వెళ్లి మీటరు చూశాడు. పద్దెనిమిది వందల నలభై ఆరు.

ఇంకోసారి చూశాడు. అంకెలు అవే.

రెండు వేల పైచిలుకు గంటలు అందులో లేవు. కోపం వెంటనే రాలేదు. ఏ గంటలు తీసేశారా అని ఆలోచన వచ్చింది ముందు. తిత్లీ తుపాను తరువాత పడిపోయిన కొబ్బరిచెట్లని గొలుసులేసి లాగిన పదకొండు రోజులా? పల్లెకి కరెంటు లేనప్పుడు తాగునీళ్ల డ్రమ్ములు మోసిన గంటలా? నూట రెండు జ్వరంతో, వాన వచ్చేలోపు రామూర్తి తోట దున్ని ముగించిన పూటా? ఆ రోజు బండి దిగి అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు. అదంతా ఎవరో స్క్రూడ్రైవరుతో అయిదు నిమిషాల్లో విప్పి అవతల పడేశారు. ఆ గంటలు ఎక్కువయ్యాయని ధర తగ్గించి కొన్నవాడే, ఇప్పుడవి అసలు లేవంటున్నాడు.

“ఒక్క సేతి బండమ్మా,” అంటున్నాడు వెనకనుంచి జానకిరామ్. “పెద్ద ఆసామిది. సొంత తోటలో తప్ప బయట కాలు పెట్టనేదు. పద్దెనిమిది వందల గంటలు. మీటరు మీరే సూసుకోండి.”

అతని వెంట ఇద్దరు ఆడవాళ్లు వస్తున్నారు. ముందున్న మనిషికి ముప్పై అయిదేళ్లుంటాయి. సంచీని రెండు చేతులతో పొట్టకి ఆనించి పట్టుకుంది. పేరు దేవి. వెనక ఉన్న ముసలమ్మ ఆమె అత్త బొడ్డమ్మ. ఆర్పిన చుట్టని చెవి వెనక దోపుకుని, బండిని కాకుండా బండి కింది నేలని చూస్తూ నడుస్తోంది, నూనె చుక్కలేమైనా పడ్డాయేమోనని. బారువ పక్క ఊరు నుంచి వచ్చారు. మూడెకరాల కొబ్బరితోట, ఎకరం వరి. ఇవి వాళ్ల మాటల్లోనే తెలిశాయి.

జానకిరామ్ పోలారావుని చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే సర్దుకుని, “అవి అక్కడ గోడకి ఆనించి నువ్వెల్లిపో పోలారావు. ఆటో డబ్బులు నేనిచ్చీత్తాను,” అన్నాడు.

పోలారావు కేజీ వీల్సు ఒకదాని తరువాత ఒకటి దొర్లించి గోడకి ఆనించాడు. వెళ్లిపోవచ్చు. ఆటో గేటు దగ్గరే ఉంది.

“తమ్ముడూ,” అని పిలిచింది బొడ్డమ్మ. “నువ్వీ షాపు మెకానికువా?”

“కాదు అప్పా. ఈ బండి డ్రైవర్ని.”

“దీనికా? అయితే నువ్వే సెప్పు. మంచి బండేనా?”

“మంచి బండే.”

జానకిరామ్ ఊపిరి వదిలి నవ్వాడు. “సూసినారా? డ్రైవరే సెప్తన్నాడు.”

దేవి మొహం విప్పారింది. “మా ఇంటాయనకి వారంలో రెండు రోజులు పలాస ఆసుపత్రిలో డయాలసిస్‌కే సరిపోతాది సిన్నాన్నా. ఆయన బండెక్కలేడు, నేనే నేర్సుకోవాల. కొత్తది కొనే తాహతు మాకు నేదు. రెండు లక్షల డెబ్భై అంటన్నారు. పద్దెనిమిది వందల గంటలంటే ఇంకా కొత్తదానికిందే నెక్క కదా?”

పోలారావు ఆమె సంచీని చూశాడు. అవునంటే సరిపోతుంది. అనకుండా వెళ్లిపోయినా సరిపోతుంది. ఆ అంకెని మాత్రం అతను మింగలేకపోయాడు.

“పద్దెనిమిది వందలు కాదు పాపా,” అన్నాడు. “నాలుగు వేల నూట పన్నెండు.”

యార్డులో ఎక్కడో రేకు మీద సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి.

“పోలారావూ!” జానకిరామ్ గొంతు మారింది. “మజ్జిలో నీకెందుకయ్యా?”

“నాకే మరి. తిప్పింది నేను.”

“నీ మతి పోయిందేటి? మీ బాబుకి ఫోను సేత్తానుండు.”

“సెయ్యండి. ఆ రోజు కల్లంలో నాలుగు వేల నూట పన్నెండని సదివింది మీరే. అది ఎక్కువైపోయిందని లక్షా నలభయ్యన్నదీ మీరే. ఇయాల నా గంటలు ఏవయినాయి?”

పోలారావు అరవలేదు. అంత నెమ్మదిగా అన్నందుకే కాబోలు జానకిరామ్ ఫోను తీసి కూడా నంబరు నొక్కలేదు. దేవి అత్త చెయ్యి పట్టుకుంది. “పదత్తా, ఎల్లిపోదాం,” అంది.

“ఉండు పాపా,” అన్నాడు పోలారావు. “మంచి బండన్నాను కదా. అది కూడా అబద్దం కాదు.”

స్టీరింగు దగ్గరికి వెళ్లి ఎర్ర తొడుగు కుట్టు దగ్గర వేలు పెట్టి లాగేశాడు. కింద నల్లటి చక్రం బయటపడింది. కుడివైపు పైన, ఎడమవైపు కింద, రెండు చోట్ల గుంట పడి నున్నగా మెరుస్తోంది. తన చేతులు అక్కడ పెట్టాడు. రెండు గుంటల్లో రెండు బొటనవేళ్లు సరిగ్గా కూర్చున్నాయి.

“ఇదీ అసలు మీటరు. దీన్ని మార్సడం మరిసిపోనారు. పద్దెనిమిది వందల గంటలకి ఇంత అరగదు. ఇప్పుడు ఇంజను సూడండి.”

తాళం అడగలేదు. జానకిరామ్ వైపు చెయ్యి చాపాడంతే. జానకిరామ్ ఒక క్షణం చూసి ఇచ్చాడు. సగం తిప్పుకే ఇంజను అందుకుంది. పోలారావు ఆయిలు పోసే మూత విప్పి బొడ్డమ్మని పిలిచాడు. “అప్పా, దీని మీద నీ సెయ్యి పెట్టు. లోపల అరిగిపోయిన ఇంజనయితే ఇక్కడ నుంచి పొగ తన్నుకొత్తాది.”

బొడ్డమ్మ అరచెయ్యి పెట్టి ఉంచింది. తీసి వాసన చూసుకుంది. “పొగ నేదు,” అంది.

“నేదు. ఇంజను ఏడేళ్లలో ఒక్కసారి ఇప్పనేదు. రెండొందల యాభై గంటలకోసారి ఆయిలు మార్సినాను, పదహారుసార్లు. ఒక్కటీ తప్పనేదు. క్లచ్ ప్లేట్లు రెండు వేల తొమ్మిదొందల కాడ కొత్తవి ఏయించినాం. ఎనక టైర్లు రెండేళ్లవి. రంగు వీళ్లేసినారు గాని, రంగు కింద తుప్పు లేకుండా సూసింది నేను. పదిమంది తోటల్లో తిరిగిన బండి ఇది. పని సేత్తా ఉన్న బండి పాడవదు పాపా. కూకోబెట్టిన బండే పాడయిపోద్ది.”

“మరి సెడ్డేటీ నేదా?” అంది బొడ్డమ్మ.

“ఎందుకు నేదు? రొటావేటరు ఎత్తే హైడ్రాలిక్ పంపు సీలు ఈ సీజను దాటదు. ఎనిమిది వేలవుద్ది, ముందే పక్కన పెట్టుకోండి. ఎడమ బ్రేకు కుడిదానికంటే ముందు పట్టుకుంటాది. పొద్దున్న సలికి మొదటి గేరు ఓపాలి పడదు, రెండోపాలి పడతాది.”

చెబుతుంటే అతని వీపు నిటారుగా అయింది. కొనేవాళ్ల ముందు నిలబడి ఆ బండి గురించి చెప్పమని అతన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే ఇంత చెప్పగలనని అతనికీ తెలియదు. జానకిరామ్ కూడా వింటున్నాడు. వ్యాపారం చేసేవాడు, బండి తెలిసినవాడు. ఆ ఇంజను మోతలో తప్పు లేదని అతనికి మొదటి రోజే తెలుసు.

“నన్నేదో దొంగలా సూత్తన్నారు గాని,” అన్నాడు జానకిరామ్, “నాలుగు వేలని రాత్తే ఎవడూ దగ్గరికి రాడమ్మా. తక్కువ అంకె కావాలంటారు. ఆ అంకే ఇత్తాను.”

“మాకొద్దు,” అంది దేవి.

“అయితే బండొద్దా?”

దేవి అత్త వైపు చూసింది. బొడ్డమ్మ చెవి వెనకనుంచి చుట్ట తీసి, వేళ్ల మధ్య తిప్పుతూ, షెడ్డులో వరసగా ఉన్న మిగతా బండ్లని చూసింది. “ఆ పక్కదానికీ తక్కువ గంటలే అంటన్నాడు. దాని పక్కదానికీ తక్కువే. నిజమో కాదో ఎవలు సెప్పాల? దీనికయితే సెప్పే మనిసున్నాడు. ఇదే తీసుకుందాం కోడలా. ధర మాత్రం ఆ తమ్ముడు సెప్పిందానికి తగ్గట్టు ఉండాల.”

రెండు లక్షల డెబ్భై నుంచి బేరం మొదలయింది. జానకిరామ్ రంగు ఖర్చు చెప్పాడు, సీటు ఖర్చు చెప్పాడు. దేవి పంపు సీలు చెప్పింది, నాలుగు వేల గంటలు చెప్పింది. టీలు వచ్చాయి. చివరికి రెండు లక్షల పది దగ్గర ఇద్దరూ ఆగారు. జానకిరామ్ అమ్మకం కాయితం తీసి రాయబోతుంటే దేవి బల్ల మీద వేలు పెట్టింది.

“గంటలు నిజంగా ఎన్నో అన్నే రాయండి. రేపు మేవు అమ్ముకున్నా అదే సెప్పాల.”

రాశాడు.

“నడిపినోల్ల పేరు కూడా రాయండి.”

“కొన్నోల్ల పేరు, అమ్మినోల్ల పేరు రాత్తారమ్మా. నడిపినోడి పేరు ఎవడు రాత్తాడు?”

“మీరు రాత్తారు,” అంది దేవి.

జానకిరామ్ పెన్ను పట్టుకుని ఆమె మొహం చూశాడు. బల్ల మీదున్న డబ్బు కట్టలు చూశాడు. తల వంచి, కింద కొంచెం ఖాళీలో రాశాడు: ‘ఏడు సంవత్సరాలు, 4112 గంటలు నడిపినవారు పోలారావు.’ కాయితం తిప్పి ఇచ్చాడు. పోలారావు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. గోపాలరావు దగ్గర ఇన్నేళ్లు పనిచేసినా తన పేరు రాసి ఉన్న కాయితం ఒక్కటీ లేదు. వేళ్లు లుంగీకి తుడుచుకుని, మెల్లగా, పెద్ద అక్షరాలతో సంతకం పెట్టాడు.

“సిన్నాన్నా,” అంది దేవి, కాయితం మడిచి సంచీలో పెట్టుకుంటూ. “బండి మా ఊరు దాకా ఎవలు తోల్తారు? నాకు క్లచ్ ఏదో కూడా తెల్దు. మూడు రోజులు వచ్చి నేర్పుతావా? రోజుకూలి ఇత్తాను.”

*

ఆ సాయంత్రం పోలారావు గోపాలరావు ఇంటికి వెళ్లి, మూడు రోజులు పనిలోకి రానని చెప్పాడు. సెలవు అడిగినట్టు లేదు ఆ మాట. గోపాలరావు పేపరు చదువుకుంటూ సరేనన్నాడు. కన్నమ్మ మాత్రం జరిగిందంతా రెండుసార్లు చెప్పించుకుంది. నడిపినవారు అన్నచోట ఆపి, “ఏటి, నీ పేరే?” అని నవ్వింది. పొద్దున్నే అతనికి చద్దన్నం మూట కట్టి, ఇస్త్రీ చేసిన చొక్కా ఇచ్చింది. బండి పనికి ఇస్త్రీ చొక్కా ఎందుకన్నా వినలేదు.

బండిని కాశీబుగ్గ నుంచి అతనే తోలుకొచ్చాడు, రొటావేటరు ఊళ్లో అద్దెకి దొరికింది. బారువ తోటలో నేల మెత్తని ఇసక. మొదటి రోజంతా దేవికి క్లచ్ వదలడమే సరిపోయింది. బండి కప్పలా గెంతుతుంటే గట్టు మీద కూర్చున్న బొడ్డమ్మ “ఓలమ్మో” అని అరుస్తూ నవ్వింది. దేవి మొగుడు జగదీష్ మంచం తోటలో వేయించుకుని పడుకుని చూస్తున్నాడు. మనిషి బాగా తగ్గిపోయాడు. కళ్లు మాత్రం బండి వెంటే తిరుగుతున్నాయి.

“గట్టిగా తొక్కకు పాపా. మట్టి మీద నడిసినప్పుడు కాలికి ఎలాగుంటాదో, అలాగే తెలవాల నీకు,” అన్నాడు పోలారావు మడ్‌గార్డు మీద కూర్చుని. “సెట్టు దగ్గరకొత్తే రొటావేటరు ముందే ఎత్తీ. వరస అయిపోయినాక తిప్పొచ్చులే అనుకోకు. తిప్పడం ముందే మొదలెట్టాల.”

రెండో రోజుకి గెంతడం ఆగింది. సాయంత్రం అతను బండిని ఎలా కడుగుతాడో చూపించాడు. అడుగు తుడిచే గుడ్డ, గ్రీజు పెట్టే చోట్లు పద్నాలుగు, ఒక్కొక్కటీ దేవి చేతనే పెట్టించాడు. జగదీష్ మంచం మీద నుంచే లెక్కపెట్టి, “పదమూడే అయినాయి,” అన్నాడు. నిజమే, ఒకటి మిగిలిపోయింది. పోలారావు నవ్వి అతనికేసి చెయ్యి ఎత్తాడు.

మూడో రోజు మధ్యాహ్నం పోలారావు జేబులో ఫోను మోగింది. గోపాలరావు. పోలారావు బండి ఆపించి కిందికి దిగాడు.

“ఏరా, జానకిరామ్ చెప్పాడు ఇప్పుడే,” అన్నాడు గోపాలరావు. “బండి రెండు లక్షల పదికి పోయిందంట. నాలుగు వేల గంటలని కాయితం మీద రాసి మరీ ఇచ్చాడంట. నువ్వేదో చెప్తే కొన్నారంట కదా?”

“సెప్పినాను బాబూ.”

“ఆ చెప్పేదేదో ఆ రోజు కల్లంలో చెప్పుంటే నాకు అరవై ఐదు వేలు మిగిలేవి కదరా. నోరు లేదా నీకు అప్పుడు?”

పోలారావు కొబ్బరి వరస వైపు తిరిగి నిలబడ్డాడు. దున్నిన ఇసక తడిగా, ముదురు రంగులో ఉంది.

“ఎన్ని గంటలు తిప్పినావని అడిగినారు బాబూ,” అన్నాడు. “ఎలా తిప్పినావని అడగనేదు.”

అవతల గోపాలరావు పేపరు మడిచిన చప్పుడు వినిపించింది.

“సరే,” అన్నాడు గోపాలరావు చివరికి. గొంతు కొంచెం తగ్గింది. “రేపు పొద్దున్నే వచ్చెయ్. కొత్త బండి క్లచ్ ఏదో వాసనొస్తోందంటున్నాడు అవినాష్. నువ్వోసారి చూడాలి. ఇక మీదట అది నువ్వే నడుపుదువుగాని.”

“రేపు అవదు బాబూ. ఇక్కడింకా ఎకరం ఉంది. ఎల్లుండి వత్తాను. వచ్చినాక మాట్లాడుకుందాం.”

“ఏం మాట్లాడాలి?”

“నా కూలి గురించి బాబూ.”

ఫోను చొక్కా జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చాడు. దేవి సీటు మీదే కూర్చుని, ఇంజను ఆపకుండా, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని అతని కోసం చూస్తోంది. పోలారావు మడ్‌గార్డు మీద ఎక్కబోతుంటే తల అడ్డంగా ఊపింది.

“నువ్వక్కడే ఉండు సిన్నాన్నా. ఈ వరస నేనొక్కదాన్నే ఏత్తాను.”

పోలారావు కాలు కిందికి దించాడు. రెండడుగులు వెనక్కి వేసి, చెట్టు నీడలోకి జరిగి చేతులు కట్టుకున్నాడు. బండి కదిలింది. గెంతలేదు. మొదటి చెట్టు దగ్గర రొటావేటరు సరైన చోట లేచింది, దాటగానే దిగింది. రెండో చెట్టు, మూడో చెట్టు. మంచం మీద జగదీష్ మోచేతి మీద లేచి కూర్చున్నాడు. రోడ్డు మీద ఎండుచేపల బుట్టతో పోతున్న ఒక మనిషి ఆగి, “ఎవలదప్పా బండి?” అని బొడ్డమ్మని కేకేశాడు.

“మాదే,” అంది బొడ్డమ్మ గట్టు మీద నుంచి లేవకుండానే. “మా కోడలు తోల్తంది. అదిగో, దానికి నేర్పినోడు అక్కడున్నాడు.”

వరస చివర్న దేవి ముందుగానే తిప్పడం మొదలుపెట్టింది. బండి ఒక్క వేరుకీ తగలకుండా తిరిగి, కొత్త వరసలో తిన్నగా పడి, పోలారావు వైపు రాసాగింది.